బంతి నావైపు రానివ్వని పిల్లలు

మార్చి 12

మైదానంలో మంచు కరిగింది. నదివైపు గోలుపోస్టు నీడలో మాత్రం నల్లబడ్డ దిబ్బ ఒకటి మిగిలింది. ఇవాళ్టినుంచి నేను నేర్పే ఆడపిల్లల జట్లు మూడూ బయటే. చలికాలమంతా కుస్తీవాళ్ళ హాల్లో, వాళ్ళ చెమటవాసన మధ్య ఆడించాను. ఇవాళ పిల్లలు దొడ్డి తలుపు తీసిన గొర్రెపిల్లల్లా మైదానం మీద పడ్డారు.

ముందు చిన్న జట్టు వచ్చింది. ఆరేడేళ్ళవాళ్ళు. బంతి ఎటుపోతే అందరూ అటే, తేనెచుక్క చుట్టూ ఈగల్లా. ఐపెరి బంతిని తన గోలులోనే తన్నుకుని, రెండు చేతులూ చాచి విమానంలా చుట్టూ తిరిగొచ్చింది.

"అది మన గోలు తల్లీ."

"మనదే కదక్కా. పరాయివాళ్ళ దాంట్లో వేస్తే వాళ్ళదైపోదూ?"

ఈ వయసువాళ్ళకి పాసివ్వమని చెప్పడం దండగ. బంతి వాళ్ళ బొమ్మ. బొమ్మని ఎవరైనా ఇచ్చేస్తారా? తలా ఒక బంతి ఇచ్చి తోడేలు ఆట ఆడించాను.

తర్వాత మధ్య జట్టు, పదకొండు పన్నెండేళ్ళవాళ్ళు. వీళ్ళకి పాసివ్వడం వచ్చు, కానీ ఎవరితో మాటలుంటే వాళ్ళకే ఇస్తారు. ఆఖరున పెద్ద జట్టు. పదిహేనూ పదహారూ. పోయిన శరదృతువులో జిల్లా గెలిచారు. మే నెలలో కనుమ అవతలి బలిక్చీ పట్టణంలో ఫైనలు. కెప్టెన్ బెర్మెత్ గోల్‌కీపరు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఇంకో సంగతి ఉంది. అది ఇక్కడ రాయను. పోయిన రెండుసార్లూ తెలిసిన రోజే రాసేశాను. రెండుసార్లూ మూడోనెల దాటలేదు. తర్వాత ఆ పేజీలు చూడలేక చించి పొయ్యిలో వేశాను. మా ఆయన తాలాయ్‌కి చెప్పలేదు. అత్తయ్యకీ చెప్పలేదు. రోజా డాక్టరుకి తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి ఇది ఫుట్‌బాల్ డైరీ.

మార్చి 15

కొత్త బంతుల రబ్బరు వాసన పడటం లేదు. గాలి మారినందుకేమో.

మార్చి 21

నూరుజ్, వసంతంలో వచ్చే కొత్త సంవత్సరం పండగ. వీధిలో పెద్ద బాణలి పెట్టి మొలకగోధుమల పాయసం కలియబెడుతున్నారు. గరిటె తిప్పేటప్పుడు మనసులో ఏదో ఒకటి కోరుకోవాలి. నా వంతు వచ్చేసరికి అత్తయ్య ఇరుగుపొరుగు అమ్మలక్కలకి వినబడేలా అంది:

"బాగా తిప్పవే బురుల్. ఊళ్ళోవాళ్ళ పిల్లలందర్నీ మైదానం చుట్టూ తిప్పావు. ఇంట్లో తిరిగే పిల్ల ఒకటి ఉండొద్దూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మనసులో చెడు లేదు, నోటికే తాళం లేదు.

ఫైనలు గెలవాలని కోరుకున్నాను. ఇంకేమీ కోరుకోలేదు.

మార్చి 27

సెజిమ్ ఇవాళ ఏడ్చింది.

పోయిన ఏడు మధ్య జట్టులో దాన్ని మించింది లేదు. బంతి దాని కాలికి కట్టేసినట్టు ఉండేది. చలికాలంలో జానెడు పెరిగింది. ఇప్పుడు మలుపు తిరగబోతే మోకాళ్ళు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. మూడుసార్లు పడింది. మిగతావాళ్ళు "ఒంటె, ఒంటె" అని మొదలుపెట్టారు. నేను వాళ్ళ వైపు చూసేసరికి బూట్లు విప్పేసి గీత అవతల కూర్చుంది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఈ కాళ్ళు నావి కావు."

"మరి ఎవరివి?"

"ఏమో. ఇటు పదండి అంటే అటు పోతున్నాయి. పడుకుంటే నొప్పులు. అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్దమ్మాయి నిలబడినట్టుంది."

"ఇంటికి కొత్త గుర్రం వచ్చిందనుకో. మొదటిరోజే నీ మాట వింటుందా? మెల్లిగా నడిపించు. మేత వేయి. నీ వాసన పట్టనీ."

"ఎన్నాళ్ళు?"

"అది గుర్రానికే తెలియాలి."

"మధ్యలో పారిపోతే?"

"ఇంటిగుర్రం ఎక్కడికీ పోదే పిచ్చిదానా" అన్నాను. అన్నాక చూసుకుంటే నా అరచెయ్యి పొట్టమీద ఉంది. తీసేశాను.

రేపటినుంచి దానికి పరుగులు తగ్గించాలి. నిలబడి బంతి ఆపడం, అంతే. "ఒంటె" అన్నవాళ్ళకి పరుగులు పెంచాలి.

ఏప్రిల్ 2

పెద్దవాళ్ళకి తలతో బంతి కొట్టడం నేర్పుతున్నాను. ఎగరబోయేసరికి బెర్మెత్ వచ్చి బంతి నా చేతిలోంచి తీసుకుంది.

"మేం చేస్తాం అక్కా. మీరు చెప్పండి చాలు."

"నేను చేసి చూపించకపోతే ఎలా తెలుస్తుంది?"

"చెప్తే తెలుస్తుంది."

ఇలా ఎప్పుడూ అనేది కాదు. పదహారేళ్ళ పొగరు. పోనీలే.

ఏప్రిల్ 5

ఐపెరి: "అక్కా, నీ జేబులో ఎప్పుడూ ఆ ఎండు ఉప్పు పెరుగుండలేనా? నువ్వేమైనా మేకవా?"

తనకీ ఒకటి ఇచ్చాను. చప్పరించి, మొహం వికారంగా పెట్టి, ఉమ్మేయడానికి మనసొప్పక, ప్రాక్టీసంతా బుగ్గలో పెట్టుకునే ఆడింది.

ఏప్రిల్ 8

క్రీడాపాఠశాల డైరెక్టరు కుబాన్ పిలిచాడు. ఒకప్పటి కుస్తీపట్టు మనిషి. కుర్చీలో కూడా ఎవరినో కింద పడేసినట్టే కూర్చుంటాడు.

"పెద్ద జట్టు ఫైనలుకి వెళ్తోంది కదా. కోచ్కోర్ ఊరినుంచి ఎర్మెక్ అని ఒక కుర్రాడున్నాడు, కోచింగ్ లైసెన్సు కూడా ఉంది. నీకు తోడుగా వేద్దామనుకుంటున్నాను."

"తోడెందుకు?"

"అలిసిపోయినట్టు కనిపిస్తున్నావమ్మా."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకూ కళ్ళున్నాయిగా."

ఎవరో అని ఉండాలి.

ఏప్రిల్ 10

ప్రాక్టీసు మ్యాచిలో నేను ఎప్పటిలా మధ్యలో నిలబడ్డాను, పాసులు అందుకుని తిప్పి ఇవ్వడానికి. ఒక్క బంతి రాలేదు. ఖాళీగా ఉన్నాను, చెయ్యెత్తాను, పిలిచాను. నా పక్కనుంచి, నా చుట్టూ, నా వెనకనుంచి ఆడుకున్నారు. ఒకసారి బంతి పొరపాటున నావైపు దొర్లితే ఇద్దరు పరిగెత్తుకొచ్చి అడ్డం పడి ఎత్తుకుపోయారు. బంతుల సంచీ కూడా నా చేత మొయ్యనివ్వలేదు.

నన్ను పక్కన పెడుతున్నారు. ఎర్మెక్ గురించి వీళ్ళకి ముందే తెలుసన్నమాట. మగ కోచ్ వస్తే గొప్పనుకుంటున్నారు కాబోలు. తొమ్మిదేళ్ళప్పటినుంచి పెంచాను వీళ్ళని. బెర్మెత్‌కి గోలులో పడటం నేర్పడానికి మా ఇంటి పరుపు మోసుకొచ్చాను.

కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఈమధ్య ఊరికే వస్తున్నాయి.

ఏప్రిల్ 12

ఇవాళ కూడా అదే. ఆట ఆపి బెర్మెత్‌ని పిలిచాను. అందరి ముందూ.

"జట్టుని నువ్వు నడుపుతున్నావా, నేను నడుపుతున్నానా?"

"మీరే అక్కా."

"మరి నాకు బంతి ఎందుకు రావడం లేదు?"

నేల చూసింది. మిగతావాళ్ళూ నేలే చూశారు.

"జవాబు లేదా? అయితే ఆ పట్టీ ఇటివ్వు."

కెప్టెన్ పట్టీ చేతినుంచి తీసి, మడిచి, నా చేతిలో పెట్టింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

సరైన పనే చేశాను. క్రమశిక్షణ లేకపోతే జట్టు లేదు.

సరైన పనే.

ఏప్రిల్ 13

బెర్మెత్ అందరికంటే ముందు వచ్చి గోలు వల కట్టింది. నేను వెళ్ళేసరికి బంతుల సంచీ అప్పటికే మైదానంలో ఉంది.

ఏప్రిల్ 17, ఆసుపత్రిలో

నిన్న మధ్యాహ్నం మైదానంలోనే మొదలైంది. నడుంలో నొప్పి, తర్వాత తడి. ఆ తడి నాకు తెలుసు. గోలుపోస్టు పట్టుకుని నిలబడిపోయాను. రెండడుగులు వేస్తే ఈసారి కూడా అయిపోతుందని, కదలకుండా నిలబడితే అవదని అనిపించింది.

బెర్మెత్ గోలులోంచే చూసింది. బంతి వదిలేసి వచ్చింది.

"కూర్చోకండక్కా. పడుకోండి. కాళ్ళు పైకి." వెనక్కి తిరిగి కేకేసింది: "జాకెట్లు పట్రండి! ఒకళ్ళు రోడ్డుమీదికెళ్ళి వ్యాను ఆపండి. ఏ వ్యానైనా సరే, అడ్డం నిలబడండి!"

జాకెట్లన్నీ నా కింద పరిచారు. ఇద్దరు నా కాళ్ళు తమ ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్కళ్ళు కూడా ఏమైందని అడగలేదు. అప్పుడర్థమైంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"అందరికీ తెలుసక్కా."

"ఎప్పట్నుంచి?"

"మీరు గోడ వెనక్కెళ్ళి వాంతి చేసుకున్న రోజునుంచి. మా అమ్మకి తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు ఇలాగే జేబునిండా ఆ ఉప్పుండలే. మీరు ఎవరికీ చెప్పలేదు కాబట్టి మేమూ చెప్పకూడదనుకున్నాం. మీ పొట్టకి బంతి తగలకుండా చూసుకుంటే చాలనుకున్నాం."

"పట్టీ తీసేసినప్పుడైనా చెప్పొచ్చు కదే!"

"చెప్తే మీకు సిగ్గేస్తుందేమోనని."

పట్టీ నా జేబులోనే ఉంది. తీసి దానివైపు చాపాను. తనే తొడుక్కుంది. "ఇప్పుడు మాట్లాడకండి" అంది, కోచ్‌తో మాట్లాడినట్టు కాదు, చిన్నపిల్లతో మాట్లాడినట్టు.

రక్తం ఆగింది. రోజా డాక్టరు ఏమీ మాట ఇవ్వడం లేదు.

ఏప్రిల్ 18

తాలాయ్ దోలోన్ కనుమమీద మంచు తీసే బండి నడుపుతాడు. ఎవరో ఫోను చేశారట, పని బట్టల్లోనే దిగి వచ్చాడు. బూట్లకి మంచు, మీసానికి మంచు. గుమ్మంలోనే నిలబడిపోయాడు, లోపలికి వస్తే ఏదైనా విరిగిపోతుందేమో అన్నట్టు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు కూడా ఎదురుచూస్తావుగా."

"అయితే?"

"రెండుసార్లూ నువ్వు ఎదురుచూశావు. ఊయల మొదలుపెట్టావు. తర్వాత ఆ చెక్కలన్నీ షెడ్డులో దాస్తుంటే చూశాను. ఈసారి పోతే నా ఒక్కదానికే పోనీ అనుకున్నాను."

టోపీ తీసి మంచు దులిపి లోపలికి వచ్చాడు.

"అంటే ఇప్పటిదాకా నా బిడ్డ కోసం ఎదురుచూడని మనిషిని నేనొక్కణ్ణే అన్నమాట. ఆ ఫుట్‌బాల్ పిల్లలు కూడా చూశారట."

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"జరుగు" అన్నాడు. మంచం అంచున కూర్చుని నా కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. "బయట మంచు పడుతోంది. ఇవాళ కనుమ మూసేసినా మూసేస్తారు. నేనైతే వెళ్ళను."

ఏప్రిల్ 19

గుండె చప్పుడు వినిపించారు. ఉంది.

ఏప్రిల్ 24

ఇంటికి పంపారు. మంచం దిగకూడదు. వేసవి దాకా ఇంతే, కనీసం.

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. టీ తెచ్చి పెడుతుంది, దిండు సరిచేస్తుంది, కిటికీ మూస్తుంది, మాట మాత్రం లేదు. సాయంత్రానికి ఇక ఆగలేకపోయింది.

"నలుగుర్ని కన్నాను. ఈ వీధిలో ఎవరికి నెల తప్పినా ముందు నాకు తెలుస్తుంది. నా ఇంట్లో, నా కోడలికి... బంతులు తన్నే పిల్లలకి తెలిసింది, నాకు తెలియలేదు!"

"తప్పు నాదే అత్తయ్యా, దాచాను."

"నువ్వు దాస్తే వాళ్ళకెలా తెలిసింది? ఎవరే ఆ పిల్లలు? వాళ్ళ కళ్ళేమిటో నేను చూడాలి."

ఏప్రిల్ 26

చూసి వచ్చింది. నిజంగానే మైదానానికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. తలగుడ్డ మార్చుకుని మరీ వెళ్ళింది.

వచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పింది: "ఆ ఎర్మెక్ అనే కుర్రాడు పెద్దపిల్లల్ని ఆడిస్తున్నాడు. మర్యాదస్తుడే, నన్ను చూసి ఈల నోట్లోంచి తీశాడు. మిగతావాళ్ళకి కోచ్ లేడని కుబాన్ ఆ రెండు జట్లూ ఆపేయమన్నాడట. చిన్నవాళ్ళది మరీను, అదేం ఆట, సీతాకోకచిలుకల్ని పట్టడం, అన్నాడట."

నేను లేవబోయాను.

"పడుకో! ఆపలేదులే. నీ బెర్మెత్ ఒప్పుకోలేదు. తన ప్రాక్టీసు అయ్యాక మధ్యవాళ్ళని తనే ఆడిస్తోంది. చిన్నవాళ్ళని ఆ పొడుగుకాళ్ళ పిల్ల చూసుకుంటోంది."

"సెజిమ్?"

"అదే. ఈగల గుంపు మధ్య గడకర్రలా నిలబడింది. వాళ్ళకి బంతి ఇవ్వడం రాదని కోప్పడటం లేదు. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో బంతి ఇచ్చింది. వాళ్ళతో కలిసి తనూ కింద పడి దొర్లుతోంది. పెద్దది పడితే చిన్నవాళ్ళకి ఎంత సంతోషమో!"

దానికి ఇది నేను చెప్పలేదు. పడటానికి సిగ్గుపడని చోటు తనే వెతుక్కుంది.

మే 4

అత్తయ్య రోజూ వెళ్తోంది. "ఊరికే గాలికి" అంటుంది. చిన్నవాళ్ళకి వేయించిన పిండిముద్దలు మూటగట్టుకుని వెళ్తోంది. ఇవాళ నన్నడిగింది: "ఈ ఆఫ్‌సైడు అంటే ఏమిటే? ఎర్మెక్ చెప్పాడు కానీ వాడికే తెలిసినట్టు లేదు."

మంచం పక్క బల్లమీద గిన్నెలు పెట్టి చూపించాను. ఒక గిన్నె ఎత్తి ఇటూ అటూ పెట్టి చూసింది.

"అంటే ఎదుటివాళ్ళ ఇంట్లోకి వాళ్ళకంటే ముందు వెళ్ళి కూర్చోకూడదు. అంతేనా? అది ఆటలోనే ఏమిటి, ఎక్కడైనా తప్పే."

మే 10

గొడవ. ఫైనలుకి కనుమ దాటి బలిక్చీ వెళ్ళాలి, అక్కడొక రాత్రి ఉండాలి. ఎర్మెక్ ఒక్కడితో ఆడపిల్లల్ని పంపేది లేదని తల్లులు అంటున్నారు. తోడు ఆడమనిషి ఉండాల్సిందే. నేనుంటే ఆ మాటే వచ్చేది కాదు.

ముందు సీట్లో కూర్చుని, నడుం కింద దిండు పెట్టుకుంటే నేను వెళ్ళగలను. రోడ్డు ఇప్పుడు బాగానే ఉంది. తాలాయ్ బండి మెల్లిగా నడుపుతాడు. పడుకునే వెళ్ళొచ్చు కూడా. మ్యాచి కూడా పడుకునే చూస్తాను.

రాసింది చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

మే 11

బెర్మెత్ వచ్చింది. మంచం దగ్గర నిలబడి, ముందే సాధన చేసుకొచ్చిన మాటలా చెప్పింది: "మేం ఫైనలు ఆడకపోయినా పర్లేదక్కా. మీరు మాత్రం కదలకూడదు. అందరం అనుకున్నాం."

పదహారేళ్ళ పిల్లలు. ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసం చచ్చేలా పరిగెత్తినవాళ్ళు. నేను గోడవైపు తిరిగాను.

వంటింట్లోంచి అత్తయ్య గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆడమనిషి కావాలి, అంతేగా? నేను ఆడమనిషిని కానా?"

"మీరా అత్తయ్యా? మీకు వ్యాను పడదు కదా!"

"నాలుగు కాన్పులు పడ్డాయి, వ్యాను పడదా? ఏమే పిల్లా, మీ అమ్మలకి చెప్పు. ఈ కల్బూబు వస్తోందని చెప్పు. నా చూపు దాటి ఎవడు మీ దగ్గరికొస్తాడో నేనూ చూస్తాను."

బెర్మెత్ ఎప్పుడూ నవ్వదు. నవ్వింది. దానికి సొట్టబుగ్గలున్నాయని నాకిప్పటిదాకా తెలియదు.

మే 16

ఫైనలు. ఫోను చెవికి పెట్టుకుని పడుకున్నాను. అటు అత్తయ్య.

"బురుల్! మొదలైంది. మనవాళ్ళు నీలం కదా?"

"ఎరుపు అత్తయ్యా!"

"అయ్యో. ఇందాకట్నుంచీ నీలంవాళ్ళకి దీవెనలు పెడుతున్నాను."

"బంతి ఎక్కడుంది?"

"ఉంది."

"ఎక్కడ?"

"గాల్లో. ఇప్పుడు కింద. ఇప్పుడు మళ్ళీ గాల్లో. ఒక్కచోట ఉంటే కదా చెప్పడానికి!"

"బెర్మెత్ ఏం చేస్తోంది?"

"అరుస్తోంది. అబ్బ, ఏం గొంతు! కొండమీది మందని కిందినుంచి తిప్పొచ్చు."

తర్వాత ఒక్కసారిగా కేకలు. ఫోను ఎక్కడో పడింది, గడ్డి గరగర, ఎవరో ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. చాలాసేపటికి మళ్ళీ అత్తయ్య గొంతు, రొప్పుతూ: "మనం వేశాం! తలతో! ఎగిరి, తలతో! నువ్వు నేర్పిందేనట!"

రెండో సగంలో వాళ్ళు ఒకటి వేశారు. చివర్లో ఇంకొకటి. మధ్యలో అత్తయ్య రిఫరీ దగ్గరికి వెళ్ళి నువ్వు ఎవరి కొడుకువని అడిగిందట. గీత దాటి రావద్దని ఆయన బతిమాలాడట.

ఓడిపోయాం. అత్తయ్య ఒప్పుకోవడం లేదు. "ఎక్కువసేపు బంతి మన పిల్లల దగ్గరే ఉంది. ఎక్కువసేపు ఉన్నవాళ్ళది కదా గెలుపు?"

తర్వాత బెర్మెత్ ఫోను తీసుకుంది.

"అక్కా, రెండో గోలు నావల్లే. ముందుకొచ్చేశాను. ఆగి ఉంటే..."

"ఆగి ఉంటే వాళ్ళు తీరిగ్గా మూల చూసుకుని కొట్టేవాళ్ళు. రావాల్సిందే. నేనక్కడ ఉన్నా రమ్మనే కేకేసేదాన్ని."

"నిజంగా?"

"నిజంగా."

అప్పుడు ఏడ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు పళ్ళు రాలగొట్టుకున్నరోజు కూడా ఏడవని పిల్ల. నేను ఫోను పెట్టలేదు. అది ఏడ్చినంతసేపూ విన్నాను. వెనక అత్తయ్య అందర్నీ తిండికి పిలుస్తోంది.

మే 18

అత్తయ్య గొంతు పోయింది. మూడురోజులు ఇల్లు ప్రశాంతం అని తాలాయ్ అన్నాడు. దిండు విసిరింది.

జూన్ 20

చిన్న జట్టంతా నన్ను చూడటానికి వచ్చారు, సెజిమ్ వెంట వరసగా. వరసలో ఉండటం కూడా నేర్పింది. ఐపెరి దుప్పటిమీద చెవి ఆనించింది. ఉలిక్కిపడి లేచింది.

"లోపల ఎవరో తన్నుతున్నారు!"

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెవి పెట్టారు. వాళ్ళ మధ్య తోపులాట మొదలైంది, బంతి చుట్టూ మొదలైనట్టే.

"ఏ జట్టు అక్కా?" ఐపెరి అడిగింది.

"ఇంకా ఏ జట్టులోనూ చేరలేదమ్మా."

"మా దాంట్లో చేర్చుకుంటాం. చిన్నగా ఉన్నా పర్లేదు."

వాళ్ళు వెళ్ళాక షెడ్డులోంచి సుత్తి చప్పుడు. తాలాయ్ ఊయల చెక్కలు బయటికి తీశాడు. ఆపమని అనలేదు.

రాస్తున్నాను: నా కడుపులో బిడ్డ ఉంది. నేను ఎదురుచూస్తున్నాను.

ఆగస్టు 30

నిన్న తెల్లవారుజామున పుట్టింది. ఆడపిల్ల. నెలరోజులు ముందే. గాజుపెట్టెలో పెట్టారు. నా చూపుడువేలు పట్టుకోలేదు. పట్టుకోవడం ఇంకా తెలియదేమో.

సెప్టెంబరు 3

ఇక్కడ కాన్పు వార్డులోకి ఎవర్నీ రానివ్వరు. చుట్టాలందరూ కిటికీల కింద నిలబడి అరుస్తారు. ఇవాళ మూడు జట్లూ వచ్చాయి. చిన్నవాళ్ళు ఎగిరి చూడబోతున్నారు, రెండో అంతస్తుని. మధ్యవాళ్ళు, చుట్టూ మగాళ్ళున్నారని సిగ్గుపడి, చెట్టు చాటున. పెద్దవాళ్ళు తలెత్తి నిలబడ్డారు.

"ఎలా ఉంది?" తాలాయ్ అరిచాడు.

"పాలు తాగడం లేదు!" అని నేనూ అరిచాను.

పక్క కిటికీలవాళ్ళందరూ నావైపు తిరిగారు. కింద చిన్నవాళ్ళు ఎగరడం మానేశారు. ఎవరూ పోలేదు. వాన మొదలైనా పోలేదు.

సెప్టెంబరు 5

తాగింది.

సెప్టెంబరు 14

ఇల్లు. అత్తయ్య పేరు పెట్టేసింది, నన్నడగలేదు. తుర్సునాయ్. బిడ్డ ఉండిపోవాలని పెట్టే పేరు. నేను వేరే పేరు అనుకున్నాను, చెప్పలేదు. ఉండిపోనీ.

అక్టోబరు 8

ఇవాళ నలభయ్యో రోజు. నలభై చెంచాల నీళ్ళతో స్నానం. చెంచా చెంచాకీ లెక్క తప్పిందని అత్తయ్యకీ పక్కింటావిడకీ వాదన. తుర్సునాయ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ఆవలించింది.

ఆ తర్వాత నలభై ఇళ్ళ గుడ్డముక్కలతో కుట్టిన చొక్కా తొడగాలి. ముక్కలు అత్తయ్యే సేకరించింది. ఇవాళ తెచ్చి ఒళ్ళో పెట్టేదాకా నాకు చూపించలేదు. పరాయి ఇళ్ళకి వెళ్ళనే లేదు ఆవిడ. చిన్న జట్టు పసుపు, మధ్య జట్టు పచ్చ, పెద్ద జట్టు ఎరుపు. మోకాలి దగ్గర చిరిగిన లాగు ముక్క, సాక్సు ముక్క. గుండెమీద బెర్మెత్ పాత చేతొడుగు తోలు, బిడ్డకి గుచ్చుకోకుండా లోపలివైపు మెత్తటి గుడ్డ వేసి కుట్టింది.

"మూడు వయసులూ ఉన్నాయి. ఏ వయసుకి ఆ వయసు కలిసొస్తుంది" అంది, సూదిలోంచి దారం తీస్తూ. నా మొహం చూడలేదు. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఇక ఆవిడ పుట్టింటివాళ్ళ ఆచారం. ఇన్నాళ్ళూ తొడిగిన తొలి చొక్కాలో మిఠాయిలు మూటగట్టి కుక్క మెడకి కడతారు. కుక్కని వదులుతారు. పిల్లలు తరిమి పట్టుకోవాలి.

పక్కింటి కుక్కకి కట్టారు. మూడు జట్లూ వీధిలో నిలబడ్డాయి. తాలాయ్ చప్పట్లు కొట్టాడు. కుక్క లగెత్తింది.

చిన్నవాళ్ళు గుంపుగా దాని తోకవెంట పడ్డారు. కుక్క మలుపు తిరిగితే గుంపంతా ఒకరిమీదొకరు పడ్డారు. మధ్యవాళ్ళు "నువ్వు అటు, నేను ఇటు" అని తిట్టుకుంటూ దారులు కాశారు. పెద్దవాళ్ళు ముందు నవ్వుతూ నిలబడ్డారు, తమకిది పిల్లలాట అన్నట్టు. కుక్క వాళ్ళ కాళ్ళమధ్యనుంచి దూరిపోయేసరికి పెద్దరికం ఎటుపోయిందో, బూట్లు విప్పి పరిగెత్తారు. బెర్మెత్ ఒక్క దూకు దూకింది, మట్టి తప్ప ఏమీ దొరకలేదు. సెజిమ్ ఆ పొడుగుకాళ్ళతో కంచె మీదుగా దాటిపోయింది. ఒక్కసారి కూడా తడబడలేదు. కుక్క నదివైపు మళ్ళింది.

"విడిపోండి! అందరూ ఒకేచోట ఎందుకు? అంచు మూయండి!" ఆ అరిచింది నేనే. ఏప్రిల్ తర్వాత ఆ గొంతు నాకే వినిపించలేదు.

పిల్లని తాలాయ్ చేతుల్లో పెట్టాను.

"ఎక్కడికే? పచ్చి బాలింతవి!" అత్తయ్య కేక.

"నలభై అయిపోయాయి అత్తయ్యా!"

పరిగెత్తాను. మొదట కాళ్ళు నావి కానట్టున్నాయి. వీధి చివరికి వచ్చేసరికి నావే. చల్లగాలి, ఎండిన గడ్డి వాసన, పక్కన నది. ఎవరూ అడ్డం రాలేదు, ఆగమనలేదు. బెర్మెత్ పక్కకి జరిగి నాకు దారి ఇచ్చింది, చేత్తో కుక్కని చూపించింది: మీవైపే వస్తోంది అక్కా!

వెనకనుంచి రొప్పుతూ ఒక గొంతు.

"అక్కా, ఆగు! నేను పొట్టిదాన్ని!"

ఆగాను. ఐపెరికి చెయ్యి అందించాను. కుక్క మా ఇద్దరి పక్కనుంచి దూసుకుపోయింది, మెడలో నా బిడ్డ చొక్కా ఎగురుతూ. ఇద్దరం దాని వెంట పడ్డాం.